తెడ్డు నిలిచినన్నాళ్ళు

"తెడ్డు నిలబడే ఉండాదా తల్లీ?"

"నిలబడే ఉండాదన్నా."

"అట్లయితే నేను రాసింది అబద్ధం కాదు."

"నువ్వు యాడ అబద్ధం రాస్తావన్నా. నీకు చెయ్యి రాదు కదా."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. ఎమ్మిగనూరు బస్టాండులో, ఆదోని బస్సు ముందర. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి అడిగాడు. వెనక ఎక్కేవాళ్ళు తోస్తున్నా నా జవాబు వినేదాకా కదల్లేదు. విన్నాక గొడుగు చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. అప్పటికి ఆయన ఉద్యోగం దిగి రెండేళ్ళు. ఇంకా ఆ తెడ్డు సంగతే పట్టుకున్నాడేమిటా అనుకుని, గంప నెత్తికెత్తుకుని నా దారిన నేను పోయాను.

మొన్న చేపల బజారులో తెలిసింది, ఆయన చనిపోయాడని. ఆయనతో పనిచేసిన బంట్రోతు నా దగ్గర జెల్లలు కొంటూ, "మీ సాయిబు పోయినాడమ్మా, నెల దాటె" అన్నాడు. నేను చేప తోముతూనే ఉన్నాను. తోమిన చేపనే మళ్ళీ తోముతున్నానని పక్కన కూర్చున్నామె చెబితే గాని నాకు తెలియలేదు.

అందుకే నిన్ను పిలిపించాను పాపా. నువ్వు మా అన్న కూతురివి, బడిలో పిల్లలకు చెప్పేదానివి. నాకు అంకెలు తెలుసు, అక్షరాలు నా పేరు వరకే వచ్చు. నేను చెప్పేది చెప్పినట్టు రాయి. నీకు రాతలో పద్ధతి ఉంటే ఆ పద్ధతిలోనే రాసుకో, అయితే మాట మార్చొద్దు. ఆయన పేరు మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ఆయన ఇంటామెకు పింఛను వస్తుంది. పాత కాగితాలు పట్టుకుని ఎవరైనా ఆమె గడప తొక్కితే ఆ పాపం నాది.

మా చెరువు గవర్నమెంటు చెరువు. వలవెయ్యాలంటే లైసెన్సు, పుట్టి దించాలంటే పర్మిట్టు. పుట్టి అంటే వెదురు బద్దలతో గంపలాగా అల్లి, కింద తారు పూసిన పట్టా తొడిగిన గుండ్రటి పడవ. ఆ పర్మిట్లు రాసే మనిషి ఈయన. పొద్దున మొదటి బస్సుకు ఆదోనిలో ఎక్కి రోడ్డు మీద దిగి, కట్ట దాకా నడిచి వచ్చేవాడు. ఎండైనా వానైనా నల్ల గొడుగు. ఆ గొడుగులో రెండు కమ్ములు ఎప్పుడూ విరిగే ఉండేవి. పర్మిట్ల పుస్తకాన్ని మైనపు గుడ్డలో చుట్టి, దాన్ని మళ్ళీ సంచిలో పెట్టి, ఆ సంచిని చొక్కా లోపల పెట్టుకునేవాడు. పసిబిడ్డకైనా అన్ని చుట్లు చుట్టరు.

తూము గది గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ఏ పూట చేపలు ఎక్కడ పడతాయో దాని మీద రాయమని ఆఫీసు ఆర్డరు. చేపలు పట్టేవాళ్ళలో ఒక్కరికీ చదువు రాదని ఆయనకు తెలుసు. అయినా సుద్దముక్కతో వరుసలు తీర్చి రాసేవాడు. రాసి రెండడుగులు వెనక్కి వేసి, రేడియోలో వార్తలు చదివినట్టు తానే పైకి చదివేవాడు.

"ఈ దినము తూర్పు గాలి. వాగు వచ్చి కలియు చోట పెద్ద చేపలు ఉండవచ్చును. ఉండకపోవచ్చును."

"ఉంటాయా ఉండవా, ఏదో ఒకటి సెప్పు సాయిబూ" అనేవాళ్ళు మగవాళ్ళు.

"చేపకు నేనేమన్నా చుట్టమా అప్పా, పొద్దున్నే కబురు పెట్టనీకి?"

నవ్వుకుంటూనే అందరూ వాగు వైపు పోయేవాళ్ళు. ఎందుకంటే పదిలో ఏడెనిమిది సార్లు ఆయన చెప్పిన చోటే చేప పడేది. నీళ్ళలో చెయ్యి పెట్టనివాడికి ఇదంతా ఎట్లా తెలుస్తుందని అందరికీ ఆశ్చర్యం. నాకు లేదు. నా గంప దగ్గరే తెలుసుకునేవాడు మరి. ముందునాడు మా ఆయన పట్టిన చేపలు బజారుకు తీసుకుపోయే ముందు ఈయన నా గంప ముందర కూర్చుని, ఒక్కొక్క చేప మొప్ప ఎత్తి బురద చూసేవాడు. నల్ల బురద ఉంటే పాత బావి మునిగిన వైపు, ఎర్ర మన్ను ఉంటే వాగు మూల, నాచు ఉంటే కట్ట కింద. మూడు నాలుగు గంపలు చూసి, గాలి చూసి, పోయి బల్ల మీద రాసేవాడు.

"ఈ సంగతి మగోళ్ళకు సెప్పొద్దు తల్లీ. నాకేదో మంత్రం వచ్చని అనుకుంటాండారు, అనుకోనీ" అనేవాడు.

నీళ్ళంటే భయం ఆయనకు. చెప్పుకోలేదు గాని అందరికీ తెలుసు. కట్ట మెట్లలో ఆఖరు మెట్టు దిగేవాడు కాదు. కాళ్ళు కడుక్కోవాలన్నా చెంబుతో తెమ్మనేవాడు. పర్మిట్టు ఇచ్చే ముందు పుట్టి తోలడం చూడాలి కదా, కట్ట మీద నిలబడి గొడుగు ఎత్తేవాడు. గొడుగు ఎత్తితే పొమ్మని, దించితే రమ్మని. అదే పరీక్ష.

ఇంకొకటి ఉంది ఆయనలో. చూడనిది రాయడు. రాసిన ప్రతి మాట చివర 'చూసినాను' అని రాసి, దాన్నీ పైకి చదివేవాడు. ఒకసారి ఒకాయన తన పుట్టి పాడైపోయింది, పుస్తకంలోంచి కొట్టేయమని చెప్పాడు. పుట్టి అవతలి ఒడ్డు నాచులో ఇరుక్కుని ఉంది. నలుగురు సాక్ష్యం చెప్పారు. ఈయన వినలేదు. దాన్ని ఇవతలికి ఈడ్చుకొచ్చేదాకా మధ్యాహ్నం అన్నం కూడా విప్పకుండా కట్ట మీద కూర్చున్నాడు. వచ్చిన పుట్టి చుట్టూ ఒకసారి తిరిగి, చిరిగిన పట్టాను వేలితో పొడిచి, అప్పుడు రాశాడు. "వాళ్ళు చెప్పినారని రాస్తే అది వాళ్ళ పుస్తకం అయితాది. ఇది నాది" అన్నాడు.

ఇప్పుడు తెడ్డు సంగతి. పుట్టికి పట్టా ఏటా మారుస్తాం. పట్టా మీద రాసిన నంబరు పట్టాతోనే పోతుంది. దీనితో విసిగి ఈయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. నంబరును తెడ్డు మీద వాత పెట్టించాడు. ఇనుప అచ్చు కాల్చి, తెడ్డు వెడల్పు ఉన్న చోట ఒత్తించాడు. తెడ్డు ఎవరిదో పర్మిట్టు వాళ్ళది. మా ఆయన తెడ్డు నంబరు పదిహేడు. ఆఫీసు వాళ్ళు కూడా బాగుందన్నారు. మావాళ్ళ ఆచారం ఒకటి ఉందని ఆయనకూ తెలియదు, మాకూ ఆ పూట తట్టలేదు.

పుట్టి తోలే మనిషి పోతే, పూడ్చిన చోట తలవైపు అతని తెడ్డు పాతుతాం, వెడల్పు పైకి పెట్టి. అది తనంత తాను పడిపోయేదాకా ఎవరూ తాకకూడదు. అది నిలిచినన్నాళ్ళు నీళ్ళలో అతని పాలు, అతని వాటా, ఉన్నట్టే.

మా ఆయన కామెర్లతో పోయాడు. చిన్నదానికి ఇంకా పాలు మాన్పలేదు. తెడ్డు తెమ్మంటే, మూలనున్న తెడ్డు తీసి నా చేత్తో నేనే ఇచ్చాను. మొగుడి మీద మన్ను పోస్తున్న పూట నంబరు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

పెద్దకర్మ అయిన మరునాడు మా మరిది నన్ను పిలిచి చెప్పాడు. "వదినా, పర్మిట్టు ఉన్నోడు పోతే, నెల లోపల నంబరు తెడ్డు చూపిస్తేనే ఇంటోళ్ళకు రాస్తారంట. లేకుంటే నంబరు కొట్టేసి వరసలో ఉన్నోనికి ఇస్తారంట."

"వరసలో ఎవరుండారు?"

"నేనే" అన్నాడు.

చెడ్డవాడని చెప్పను. వాడికీ పిల్లలున్నారు, కూలికి వల లాగుతున్నాడు. నంబరు వాడిదైతే నాకు పూటకు రెండు చేపలు పెట్టేవాడేమో. కాని పెట్టిన రెండు చేపలు తీసుకోవడం వేరు, నా గంపలో నా చేపలు వేసుకోవడం వేరు. ఇద్దరు ఆడపిల్లలను మరిది వాకిట్లో నిలబెట్టి ఎన్నాళ్ళు తినిపించాలి? తెడ్డు పీకితే మావాళ్ళు నన్ను వెలివేస్తారు. పీకకపోతే నెల దాటుతుంది.

కట్ట మీదికి పోయి ఆయనకు మొత్తం చెప్పాను. విన్నంతసేపు గొడుగు తెరిచాడు, మూశాడు, తెరిచాడు.

"నంబరు తెడ్డు మీద పెట్టించింది నేనే కదా తల్లీ" అన్నాడు చివరికి. "మీ ఆచారం ఒక మాట అడిగి ఉండాల్సింది."

"ఇప్పుడేం జెయ్యాల సెప్పన్నా. పీకమంటే రేప్పొద్దున్నే పీకుతా."

"పీకితే మీవాళ్ళు?"

"నిప్పు ఇయ్యరు, నీళ్ళు పొయ్యరు."

మైనపు గుడ్డ విప్పి రూల్సు కాగితం తీసి, పెదాలు కదుపుతూ పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. "తెడ్డు చూపవలెను అని ఉండాది. యాడ చూపాలో రాయల్యా. పా పోదాం" అన్నాడు.

మా బొందలగడ్డ దాకా నా వెనకాలే నడిచాడు. హద్దు దగ్గర చెప్పులు విడిచాడు. ముందుగా రెండు చేతులు చాచి, కళ్ళు మూసుకుని తనలో తాను ఏదో చెప్పుకున్నాడు. అప్పుడు చేతిగుడ్డతో తెడ్డు మీది మన్ను తుడిచాడు. తాకకూడదని నేను అనబోయాను. గుడ్డ మాత్రమే తగిలేట్టు, బిడ్డ మొహం తుడిచినట్టు తుడిచాడు, ఊరుకున్నాను. నిటారుగా నిలబడి చదివాడు, "ఒకటి, ఏడు. పదిహేడు." పుస్తకం చేతిమీద ఆనించి రాసి, చీటీ చించి నాకిచ్చే ముందు పైకి చదివాడు. "తెడ్డు నిలబడి ఉన్నది. చూసినాను."

తిరిగి వస్తూ చెప్పాడు. "ఏటా పర్మిట్టు కొత్తది రాసేటప్పుడు నేనొచ్చి దీన్ని చూడాల. నిలబడి ఉన్నన్నాళ్ళు రాస్తా. పడిన దినం నంబరు పోతాది తల్లీ. పడినదాన్ని నిలబడిందని రాయనీకి నాకు చెయ్యి రాదు. ముందే సెప్తాండా."

అంతటితో అయిపోలేదు. మా మరిది రూల్సు గురించి నలుగురిలో లేవదీశాడు.

"ఆడది పుట్టి తోల్తాదా సాయిబూ? రూలు ప్రకారం పర్మిట్టు మనిషి ఆఫీసరును ఎక్కించుకొని చెరువు నడిమి రాతిగుండు దాకా పోయి రావాల. కాగితంలో ఉండాదా లేదా?"

"ఉండాది."

"మరి ఎక్కు."

కట్ట మీద అందరూ ఆయన గొడుగు వైపు చూశారు. ఇన్నేళ్ళు గొడుగు ఎత్తి చేసిన పరీక్ష అందరికీ తెలుసు. ఆయన భయమూ తెలుసు. ఆయన ఎక్కలేడని తెలిసే అడిగాడు వాడు.

ఆయన సంచి చొక్కా లోపలికి ఇంకా లోతుకు తోశాడు. చెప్పులు విడిచి మెట్లు దిగాడు. ఆఖరు మెట్టు దగ్గర ఆగాడు. నేను పుట్టి అంచు పట్టుకుని ఉన్నాను. కొత్తగా చెక్కించిన తెడ్డు, ఇంకా చేతికి పడలేదు. పుట్టి తోలడం నాకు వచ్చు, మా ఆయన వల తీస్తుంటే మొదటి ఏడాది నుంచీ నేనే తిప్పేదాన్ని. నంబరు మగవాడిదైతే ఎవరు తిప్పినా ఎవరూ అడగరు.

"అంచు మీద కాదన్నా, నడమ కాలు పెట్టు. కూసో. కూసున్నాక కదలద్దు."

కూర్చున్నాడు. రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గొడుగు ఒడిలో ఉంది. పుట్టి ఎప్పుడైనా ఒక చుట్టు తిరిగి గాని దారికి రాదు. తిరిగేసరికి, "యా అల్లా, తిప్పొద్దు తల్లీ" అన్నాడు.

"నేను తిప్పల్యా అన్నా. దాని గుణమే అంత."

సగం దూరం పోయాక చూస్తే ఇంకా కళ్ళు తెరవలేదు. నాకు నవ్వొచ్చింది. మొగుడు పోయాక అదే మొదటిసారి నవ్వు రావడం.

"కండ్లు మూసుకుంటే 'చూసినాను' అని ఎట్ల రాస్తావన్నా?"

ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. కాసేపు నన్ను గాని తెడ్డును గాని చూడలేదు, నీళ్ళనే చూశాడు. "ఇన్ని నీళ్ళా" అన్నాడు మెల్లగా. ఇన్నేళ్ళు ఈ నీళ్ళ గురించే రాసిన మనిషి ఆ మాట అనడం నాకు వింతగా ఉండింది. గొడుగు కొనతో చూపించి, పుట్టిని నడిమి గుండుకు తాకించమన్నాడు. తాకించాక, "ఇంక పోదాం" అన్నాడు.

ఒడ్డున దిగగానే చొక్కాలోంచి పుస్తకం తీశాడు. కూర్చుని మొదట రాశాడు, తర్వాతే నీళ్ళు తాగాడు. పైకి చదివాడు, మా మరిది వైపు తిరిగి, గట్టిగా. "పుట్టి తోలినది. నడిమి గుండు తాకినది. చూసినాను."

అట్లా పదిహేడో నంబరు నా పేరు మీదికి వచ్చింది.

తర్వాత మూడేళ్ళు కూడా, వానలు మొదలయ్యే ముందు ఆయన రావడం, బొందలగడ్డకు పోవడం, అట్లాగే చేతులు చాచడం, అంకె చదవడం, రాయడం, చీటీ చించి ఇవ్వడం. మొదటిదానితో కలిపి నాలుగేళ్ళూ నిటారుగా నిలబడే చదివాడు. ఆయన రొమ్ము ఎత్తులో ఉండేది ఆ అంకె.

అయిదో ఏడు వానలు ముందే పడ్డాయి. ఆయన వచ్చే వారంలోనే నేను పోయి చూస్తే తెడ్డు పడి ఉంది. మన్నులో ఉన్న భాగం చెద తినేసింది. జానెడు ఊడిపోయింది.

మా ఆచారం ప్రకారం మా ఆయన పాలు తీరిపోయింది. పర్మిట్ల పుస్తకం ప్రకారం నా నంబరు తీరిపోయింది. పెద్దదానికి అప్పుడే సంబంధాలు అడుగుతున్నారు, చిన్నది బడికి పోతోంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గుంత తవ్వి, తెడ్డు నిలబెట్టి, చుట్టూ రాళ్ళు దట్టించి, మీద మన్ను మెత్తాను. తాకకూడనిదాన్ని తాకాను. పడినదాన్ని నిలబెట్టాను.

ఆయన వచ్చాడు. చేతులు చాచాడు. గుడ్డ తీసి తుడిచాడు. ఈసారి అంకె చదవడానికి నడుం వంచాడు.

వంగినవాడు చాలాసేపు వంగే ఉన్నాడు. నేను నేల చూస్తున్నాను.

"భూమి పెరిగిందా తల్లీ?"

"వానకు మన్ను కొట్టుకొచ్చిందన్నా."

లేచి నిలబడ్డాడు. తెడ్డు వైపు చూడకుండా నా వైపు చూసి అడిగాడు. "తెడ్డు నిలబడి ఉండాదా?"

ఎదురుగా ఉన్నదాన్ని నన్ను అడగడమేమిటో నాకు అర్థం కాలేదు. "ఉండాదన్నా" అన్నాను.

పుస్తకం తెరిచి రాశాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. ఆ పొద్దు పైకి చదవలేదు. చీటీ చించి నా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు.

ఆ తర్వాత బొందలగడ్డకు మళ్ళీ రాలేదు. ప్రతి ఏడూ కట్ట మీదే అడిగేవాడు. "నిలబడి ఉండాదా తల్లీ?" "ఉండాదన్నా." రాసుకునేవాడు. మధ్యలో హొళగుంద వైపు బదిలీ చేశారు, మళ్ళీ వచ్చాడు, ఉద్యోగం దిగిపోయాడు. తర్వాత వచ్చినాయన పుస్తకంలో నంబరు చూసి రాసేవాడు గాని తెడ్డు గురించి అడిగేవాడు కాదు. ఈయన మాత్రం దిగిపోయాక కూడా, ఎక్కడ కనపడినా ముందు అదే అడిగేవాడు. ఆయనను మోసం చేశాననే ఇన్నేళ్ళు అనుకుంటూ వచ్చాను. అబద్ధం రాయని చెయ్యి చేత అబద్ధం రాయించానని. ఆ చీటీ ఎవరిచేతా చదివించలేదు. పెట్టె అడుగున పడేశాను.

ఇందాక నువ్వు వచ్చిన వెంటనే ఆ పెట్టె తీసి నీ చేతికిచ్చింది అందుకే. నాలుగు చీటీలు ఒక్క తీరుగా చదివావు. 'తెడ్డు నిలబడి ఉన్నది. చూసినాను.' అయిదోదాని దగ్గర ఆగి, "అత్తా, ఇది వేరేగా ఉండాది" అన్నావు.

'తెడ్డు నిలబడి ఉన్నదని పర్మిట్టుదారు చెప్పినది.'

అంతే. 'చూసినాను' లేదు. ఆ తర్వాతి చీటీలూ అంతే.

నలుగురు సాక్ష్యం చెప్పినా రాయని మనిషి, నా ఒక్కదాని మాట పుస్తకంలో రాశాడు. ఆ మాట మీదే నా నంబరు నిలిచింది. నేను చెప్పినన్నాళ్ళు ఆయన రాత అబద్ధం కాదు. బస్సు మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి ఎందుకు అడిగాడో నాకు ఇవాళ తెలిసింది. ఆ పూట నేను విసుక్కుని, యాడ నిలబడుతాదన్నా, అది పడి ఎన్నాళ్ళాయె అని ఉంటే?

అనలేదులే. చెప్పాను కదా, ఉండాదని.

రాసినావా పాపా? ఇంక మొదటి నుంచి సదువు. ఆయన అడిగింది ఆయన మాదిరి సదివి, ఒక గడియ ఆగు. జవాబు నేనే సెప్తా.